నర్సుల కొరత – వలస ద్వారాలు: అమెరికాలో విదేశీ శిక్షణ పొందిన నర్సుల ఉద్యోగావకాశాల చరిత్ర (1948–2009)

వ్యాససంగ్రహం

అమెరికా ఆస్పత్రులలో నర్సుల కొరత ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో పదే పదే తలెత్తింది. ఆ కొరతను నమ్ముకొని ఆసియా దేశాలలో వేలాది యువతులు, వారి వెనుక వారి కుటుంబాలు, నర్సింగ్ చదువుపై సొమ్మును, కాలాన్ని వెచ్చించారు. అయితే కొరత ఉన్నంత మాత్రాన ఉద్యోగం దొరకలేదు. రాష్ట్రాల లైసెన్సు, అర్హతల ధ్రువీకరణ, వలస వీసా అనే మూడు ద్వారాలు మూడు వేర్వేరు అధికారాల చేతిలో ఉండి, వేర్వేరు కాలాలలో తెరుచుకొంటూ మూసుకొంటూ వచ్చాయి. ఫిలిప్పీన్స్, భారతదేశాల నర్సుల అనుభవం ఆధారంగా ఈ ద్వారాల చరిత్రను, వైఫల్యభారం క్రమంగా స్వీకరించే దేశంనుంచి పంపే దేశానికి బదిలీ అయిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నర్సుల వలస, ఫిలిప్పీన్స్, లైసెన్సు పరీక్ష, వీసా, 1965 వలస చట్టం, హైదరాబాదు.

1. ప్రవేశిక

‘విదేశీ శిక్షణ పొందిన నర్సు’ అనేది ఏ నర్సూ తనకు తాను పెట్టుకొన్న పేరు కాదు. మనీలాలోనో, వేలూరులోనో, గుంటూరులోనో మూడు నాలుగేళ్ళు చదివి, వార్డులలో రాత్రి డ్యూటీలు చేసి, స్వదేశపు నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొన్న వ్యక్తి అక్కడ కేవలం నర్సు. మరో దేశపు లైసెన్సు కార్యాలయానికి దరఖాస్తు చేసిన నాడు ‘విదేశీ శిక్షణ’ అనే విశేషణం ఆమె వృత్తికి ముందు వచ్చి చేరుతుంది. ఆనాటినుంచి ఆమె నేర్చిన విద్య ఎంతటిదన్న ప్రశ్నతోపాటు, ఆ విద్యను ఎవరు గుర్తించాలి, ఎప్పుడు గుర్తించాలి, ఎంతమందికి గుర్తించాలి అన్న ప్రశ్నలు కూడా ఆమె ఉద్యోగాన్ని నిర్ణయిస్తాయి.

విదేశీ ఉద్యోగాల గురించి సాధారణంగా వినిపించే వాదం సూటిగా ఉంటుంది: అక్కడ నర్సుల కొరత ఉంది, కనుక చదివినవారికి ఉద్యోగం ఖాయం. కొరత మాట అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రచురించిన నివేదిక ప్రపంచవ్యాప్తంగా 59 లక్షల నర్సుల లోటు ఉన్నట్లు అంచనా వేసింది. కాని కొరత నుంచి ఉద్యోగానికి నేరుగా దారి లేదు. అమెరికాలో నర్సు లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రాలది. వీసా ఇచ్చే అధికారం సమాఖ్య ప్రభుత్వానిది. విదేశీ అర్హతలను తూచే పని 1977 తరువాత ఒక ప్రత్యేక సంస్థకు దక్కింది. నర్సు కావలసిన ఆస్పత్రికి ఈ మూడింటిలో దేనిపైనా నేరుగా అధికారం లేదు. ఈ పొందిక ఎట్లా ఏర్పడిందో తెలుసుకోవాలంటే వలసపాలన కాలంనుంచి మొదలుపెట్టాలి.

2. రెండు వలసపాలనలు – రెండు శిక్షణ సంప్రదాయాలు

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం తరువాత ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలోకి వచ్చింది. 1906లో ఇలోయిలో పట్టణపు మిషన్ ఆస్పత్రిలో ఆ దేశపు తొలి నర్సింగ్ పాఠశాల ప్రారంభమైంది. మరుసటి ఏడాది మనీలాలోనూ ప్రభుత్వ శిక్షణ మొదలైంది. బోధన ఆంగ్లంలో సాగింది. పాఠ్యక్రమం, ఆస్పత్రి క్రమశిక్షణ, ఏకరూప దుస్తులు అన్నీ అమెరికా నమూనాను అనుసరించాయి. వలసకు సిద్ధం చేయాలన్న ఉద్దేశం ఆనాడు లేకపోయినా, అమెరికా వార్డులో అడుగుపెట్టిన రోజునే పని అందుకోగల నర్సులను ఆ వ్యవస్థ తయారు చేసింది.

భారతదేశంలో నర్సింగ్ శిక్షణ బ్రిటిష్ పద్ధతిలో నడిచింది. ప్రసూతిసేవ అందులో విడదీయరాని భాగం. తెలుగు ప్రాంతాలలో మిషన్ ఆస్పత్రులు ఈ వృత్తికి తొలి ఆశ్రయాలయ్యాయి. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్థాపించిన ఆస్పత్రి 1898లో ప్రారంభమైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి నమోదు వ్యవస్థను ఏర్పరచింది. రోగి శరీరాన్ని తాకే పని, పరపురుషులకు చేసే సేవ, రాత్రి విధులు కులగౌరవానికి తగవన్న భావన వల్ల చాలాకాలం ఈ వృత్తిలోకి ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల స్త్రీలే వచ్చారు. 1946లో భోర్ కమిటీ దేశం మొత్తంమీద సుమారు 7,000 మంది నర్సులు, అంటే 43,000 మంది జనాభాకు ఒక నర్సు, ఉన్నట్లు లెక్క తేల్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో నర్సులను విదేశాలకు పంపిన దేశం అంతటి లోటుతో స్వాతంత్ర్యంలోకి అడుగుపెట్టిందన్నది గమనించదగిన విషయం.

3. శిక్షణ పేరుతో శ్రమ: 1948–1965

1948లో అమెరికా చేసిన సమాచార, విద్యా వినిమయ చట్టం కింద ఎక్స్ఛేంజ్ విజిటర్ కార్యక్రమం ఏర్పడింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా పట్ల సద్భావం పెంచడం దాని లక్ష్యం. విదేశీ నర్సులు గరిష్ఠంగా రెండేళ్ళు అమెరికా ఆస్పత్రులలో అధ్యయనం, పని కలిపి చేసి స్వదేశానికి తిరిగి వెళ్ళాలి. చేసిన పనికి వారికి జీతం కాక భృతి ముట్టేది. 1956 నుంచి 1969 వరకు 11,000కు పైగా ఫిలిప్పీనో నర్సులు ఈ మార్గంలో వెళ్ళారు.

కాగితంపై వీరు శిక్షణార్థులు. వాస్తవంలో చాలా ఆస్పత్రులు వీరిని సిబ్బంది చాలని వార్డులలో, స్థానిక నర్సులు ఇష్టపడని వేళలలో పూర్తిస్థాయి నర్సులుగా వాడుకొన్నాయి. రిజిస్టర్డ్ నర్సు చేసే పనికి శిక్షణార్థి భృతి చెల్లించడం ఆస్పత్రులకు లాభసాటి అయింది. 1956లో వచ్చిన సవరణ, గడువు ముగిసినవారు స్వదేశంలో రెండేళ్ళు గడిపితే తప్ప వలసకు దరఖాస్తు చేయరాదని నిర్దేశించింది. కనుక ఈ దశలో పని దొరికింది కాని, దానికి ఉద్యోగమన్న పేరూ స్థిరత్వమూ దొరకలేదు.

స్థిరపడదలచినవారికి మార్గం దాదాపు లేదనే చెప్పాలి. 1946లో వచ్చిన లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు, ఫిలిప్పీనోలకు వలసద్వారం తెరిచినా, ఒక్కో దేశానికి ఏడాదికి 100 మందిని మాత్రమే అనుమతించింది. దేశం మొత్తానికి, అన్ని వృత్తులకు కలిపి ఆ వందే.

4. 1965 చట్టం – వీసా ముందు, పరీక్ష వెనుక

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం జాతీయమూలాల కోటాను రద్దు చేసింది. తూర్పు అర్ధగోళపు ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 వీసాల పరిమితి వచ్చింది. వంద స్థానంలో ఇరవై వేలు. వృత్తినిపుణులకు ప్రత్యేక ప్రాధాన్య తరగతి ఏర్పడింది. అదే ఏడాది అమెరికాలో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ పథకాలు చట్టరూపం ధరించడంతో ఆస్పత్రులకు రోగుల తాకిడి, దానితో నర్సుల అవసరం పెరిగాయి. 1970లో చేసిన మరో సవరణ, తాత్కాలిక హెచ్–1 వీసాపై వచ్చినవారు శాశ్వత స్వభావం గల పోస్టులలోనూ పనిచేయడానికి వీలు కల్పించింది. ఆ దశాబ్దంలో ఫిలిప్పీన్స్‌తోపాటు భారతదేశం, దక్షిణ కొరియాల నుంచి కూడా నర్సులు తరలివెళ్ళారు. భారతీయులలో కేరళ క్రైస్తవ స్త్రీలది పెద్ద సంఖ్య. అదే కాలంలో కేథలిక్ చర్చి ద్వారా కేరళ యువతులు పశ్చిమ జర్మనీ ఆస్పత్రులకూ వెళ్ళారు.

అయితే ఈ వ్యవస్థలో ఒక లోపం ఉంది. వీసాకు స్వదేశపు నర్సింగ్ అర్హత చాలు. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి మాత్రం రాష్ట్రం నిర్వహించే లైసెన్సు పరీక్షలో గెలవాలి. నర్సు ముందు సముద్రం దాటి, ఆ తరువాత పరీక్షకు కూర్చొనేది. విదేశీ శిక్షణ పొందినవారిలో అధికభాగం మొదటి ప్రయత్నంలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. వైద్యజ్ఞానం కొరవడడం ఒక్కటే దీనికి కారణం కాదు. బహుళైచ్ఛిక ప్రశ్నల పద్ధతి, అమెరికన్ వాడుకభాష, మానసిక వైద్యం వంటి విభాగాలకు స్వదేశపు పాఠ్యక్రమంలో తక్కువ గంటలు కేటాయించడం కూడా అడ్డువచ్చాయి. విఫలమైనవారు ఆస్పత్రులలో, వృద్ధాశ్రమాలలో సహాయకులుగా కుదిరారు. కొన్నిచోట్ల పేరు సహాయకురాలిదే అయినా, అప్పగించిన పని నర్సుది. తాత్కాలిక వీసాపై వచ్చి లైసెన్సు పొందలేనివారికి దేశం విడిచి వెళ్ళవలసిన ప్రమాదం ఉండేది. ఒక దేశంలో వృత్తినిపుణురాలు, మరో దేశపు వార్డులో సహాయకురాలు. మనిషి ఒక్కరే, నేర్చిన విద్య ఒక్కటే.

5. సముద్రం దాటిన వడపోత: 1977

ఈ పరిస్థితికి సమాధానంగా 1977లో అమెరికన్ నర్సుల సంఘం, నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ కలిసి ఫిలడెల్ఫియా కేంద్రంగా విదేశీ నర్సింగ్ పట్టభద్రుల కమిషన్‌ను ఏర్పాటు చేశాయి. సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. అన్న పొడి అక్షరాలతో అది నర్సులందరికీ పరిచితం. 1978 నుంచి అది వివిధ దేశాలలో అర్హతపరీక్షను నిర్వహించసాగింది. నర్సింగ్ పరిజ్ఞానాన్ని, ఆంగ్లాన్ని స్వదేశంలోనే పరీక్షించి, అమెరికా లైసెన్సు పరీక్షలో గెలిచే అవకాశం ఉన్నవారికి ధ్రువపత్రం ఇవ్వడం దాని పని. క్రమంగా వలస, కార్మిక శాఖలు ఆ ధ్రువపత్రానికి గుర్తింపునిచ్చాయి.

ఈ మార్పును రెండు వైపులనుంచి చూడవలసి ఉంది. పరాయి దేశంలో అడుగుపెట్టాక విఫలమై, తక్కువ జీతానికి ఎవరి చేతిలోనో చిక్కుకొనే దుఃస్థితిని అది తగ్గించింది. ఆ మేరకు అది నర్సులకు రక్షణే. కాని అంతకుముందు వైఫల్యపు పర్యవసానాలు కొంతవరకైనా అమెరికాలో కనిపించేవి. అక్కడి ఆస్పత్రులు, నర్సుల సంఘాలు, పత్రికలు వాటిని చూడక తప్పేది కాదు. 1978 తరువాత పరీక్ష తప్పిన నర్సు మనీలాలోనో కొట్టాయంలోనో ఉండిపోయింది. పరీక్ష రుసుము, శిక్షణ ఖర్చు, పోయిన కాలం ఆమె కుటుంబానివి. వడపోత సముద్రం ఆవలినుంచి ఈవలికి రావడంతో దాని వ్యయమూ ఈవలికి వచ్చింది. ఆ తరువాతి మూడు దశాబ్దాల చరిత్ర ఈ బదిలీకి కొనసాగింపుగానే నడిచింది.

6. తెరిచి మూసిన వీసాలు: 1989–2009

1980ల చివర అమెరికాలో మళ్ళీ నర్సుల కొరత తీవ్రమైంది. 1989లో నర్సుల కోసమే ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పటికే హెచ్–1 వీసాపై పనిచేస్తున్న నర్సులకు స్థిరనివాసం పొందే అవకాశమిస్తూ, కొత్తగా వచ్చేవారికి హెచ్–1ఎ అనే తాత్కాలిక వీసాను అది సృష్టించింది. అయిదేళ్ళ ప్రయోగంగా మొదలైన ఆ వీసా 1995 సెప్టెంబరు 1న ముగిసింది. అప్పటికి బీమా సంస్థల వ్యయనియంత్రణ వల్ల ఆస్పత్రులు నర్సుల పోస్టులను తగ్గించుకొంటున్నాయి. నర్సింగ్ చదువుకు పట్టే కాలం మూడు నాలుగేళ్ళు. 1991లో హెచ్–1ఎ గురించి విని చదువు మొదలుపెట్టిన విద్యార్థిని పట్టా పుచ్చుకొని అనుభవం గడించేసరికి ఆ వీసాయే లేదు.

1996 నాటి వలస చట్టం అర్హతల ధ్రువీకరణను వీసాకు ముడివేసింది. ఆ చట్టం ప్రకారం రూపొందిన ‘వీసాస్క్రీన్’ ధ్రువపత్రం లేనిదే విదేశీ నర్సుకు ఉద్యోగవీసా రాదు. విద్యార్హత, లైసెన్సుల సరిపోలిక, ఆంగ్లపరీక్ష, లైసెన్సు పరీక్షలో లేదా సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. పరీక్షలో ఉత్తీర్ణత అందులో భాగాలు. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో చదివినవారికి ఆంగ్లపరీక్షనుంచి మినహాయింపు ఉంది. నర్సింగ్ విద్య ఆంగ్లమాధ్యమంలోనే సాగినా భారతదేశంలో చదివినవారికి ఆ మినహాయింపు లేదు.

1999లో హెచ్–1సి పేరుతో మరో వీసా వచ్చింది. కొరత తీవ్రంగా ఉన్న ప్రాంతాల ఆస్పత్రులకు, దేశం మొత్తానికి ఏడాదికి 500 మందికి మాత్రమే అది పరిమితం. 2009లో అదీ ముగిసింది. తెలుగువారికి సుపరిచితమైన హెచ్–1బి సాధారణ నర్సులకు వర్తించలేదు. ఆ వీసాకు ఉద్యోగమే కనీసం పట్టభద్రతను కోరాలి. అమెరికాలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతోనూ రిజిస్టర్డ్ నర్సు కావచ్చు కనుక, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన భారతీయ నర్సు పట్టా ఇక్కడ ఆమెకు అక్కరకు రాలేదు. ఒకే కాలంలో, ఒకే నగరంలో పట్టాలు పుచ్చుకొన్న ఇద్దరిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అమెరికా చేరడానికి, నర్సు చేరలేకపోవడానికి ప్రధాన కారణాలలో ఇది ఒకటి. తెలుగువారి అమెరికా వలస ప్రధానంగా ఇంజనీర్ల వలసగా కనిపించడంలో ఈ చట్టభేదానికీ పాత్ర ఉంది.

7. హైదరాబాదులో పరీక్ష, వాషింగ్టన్‌లో వరుస

1982 నుంచి అమెరికా రాష్ట్రాల లైసెన్సు పరీక్ష ‘ఎన్‌క్లెక్స్’ పేరుతో నడుస్తోంది. 1994లో అది కంప్యూటర్ పరీక్షగా మారింది. 2005 జనవరినుంచి అమెరికా వెలుపల, మొదట లండన్, హాంకాంగ్, సోల్ నగరాలలో, నిర్వహణ మొదలైంది. తరువాతి కాలంలో భారతీయ నగరాలకూ విస్తరించింది. వాటిలో హైదరాబాదు ఒకటి. పూర్వం గ్వామ్, సైపాన్ వంటి అమెరికన్ దీవులకు పోయి పరీక్ష రాయవలసిన అగత్యం దీనితో తప్పింది. తెలుగు నర్సు స్వస్థలానికి రైలు దూరంలోనే అమెరికా లైసెన్సు పరీక్ష గెలవగల స్థితి ఏర్పడింది.

సరిగ్గా ఆ ఏడాదే మూడో ద్వారం బిగుసుకొంది. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాధారిత స్థిరనివాస వీసాలు ఏడాదికి 1,40,000. దరఖాస్తుదారుల భార్యాభర్తలు, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ దేశానికీ 7 శాతానికి మించి దక్కరాదన్నది సాధారణ నియమం. నర్సులు చేరే మూడో ప్రాధాన్య తరగతిలోనే ఇతర వృత్తులవారూ ఉన్నారు. 2005 జనవరినుంచి భారత్, చైనా, ఫిలిప్పీన్స్ దేశాలకు ఆ తరగతి వెనుకబడి, ఏళ్ళ తరబడి వరుస ఏర్పడింది. అదే ఏడాది మే నెలలో అమెరికా చట్టసభ, గతంలో వాడకుండా మిగిలిన వీసాలలోంచి 50,000 తీసి నర్సులు, ఫిజియోథెరపిస్టుల వంటివారికి కేటాయించింది. 2006 చివరకు అవి అయిపోయాయి.

ఈ వరుసలో నర్సు స్థానాన్ని నిర్ణయించేది ఆమె చదివిన దేశం కాదు, పుట్టిన దేశం. హైదరాబాదులో పుట్టి లండన్‌లో నర్సింగ్ చదివినా ఆమెది భారతీయుల వరుసే. శిక్షణను తూచడానికి మూడు దశాబ్దాలపాటు ఇంత జాగ్రత్తగా నిర్మించిన యంత్రాంగపు చివరి అంచెలో శిక్షణతో ఏ సంబంధమూ లేని ప్రమాణం వచ్చి కూర్చుంది. పరీక్షలన్నీ గెలిచినవారికి మిగిలింది నిరీక్షణ. ఆ నిరీక్షణలో ఆంగ్లపరీక్ష ఫలితాలకు, వీసాస్క్రీన్ ధ్రువపత్రానికి కాలం చెల్లితే మళ్ళీ రుసుము, మళ్ళీ పరీక్ష.

8. పంపే సమాజాలపై ప్రభావం

ద్వారం తెరుచుకొన్న వార్త పంపే దేశాలలో కళాశాలల రూపం ధరిస్తుంది. 2000 తరువాత ఫిలిప్పీన్స్‌లో ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు విరివిగా పెరిగాయి. విదేశాలకు వెళ్ళే ఆశతో వైద్యులు సైతం నర్సింగ్ కోర్సులలో చేరారు. 2006 జూన్‌లో అక్కడి లైసెన్సు పరీక్ష ప్రశ్నలు ముందుగానే వెల్లడయ్యాయి. ఆ పరీక్షలో ఉత్తీర్ణులైన సుమారు 17,000 మంది, సంబంధిత భాగాలను తిరిగి రాస్తే తప్ప వీసాస్క్రీన్‌కు అర్హులు కారని 2007 ఫిబ్రవరిలో సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. ప్రకటించింది. తప్పు చేయనివారూ ఆ తీర్పు పరిధిలోకి వచ్చారు. వీసాల వరుస, 2008 ఆర్థికమాంద్యం కలిసి వచ్చేసరికి పట్టా ఉండి పనిలేని నర్సుల సంఖ్య పెరిగింది. 2009లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం వారిని గ్రామీణసేవకు పంపే ప్రత్యేక పథకాన్ని చేపట్టవలసి వచ్చింది. గ్రామాలలో నర్సులు లేకపోవడం, పట్టణాలలో నర్సులకు పని లేకపోవడం ఒకే కాలంలో సంభవించాయి.

భారతీయ నర్సులకు అమెరికా మూసుకొన్న కాలంలోనూ గల్ఫ్ దేశాలు తెరిచే ఉన్నాయి. అక్కడ ఒప్పందం తాత్కాలికం. స్థిరనివాసం ప్రసక్తి అరుదు. ఏజెంట్లు లక్షల్లో వసూలు చేస్తున్నారన్న ఆరోపణల నేపథ్యంలో 2015లో భారత ప్రభుత్వం 18 దేశాలకు వెళ్ళే నర్సులకు వలస అనుమతిని తప్పనిసరి చేసి, నియామకాలను ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. మొదట కేరళ సంస్థలకు దక్కిన ఆ బాధ్యత తరువాత తెలంగాణలోని టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ఓమ్‌క్యాప్ సంస్థలకూ విస్తరించింది. నర్సు వలసలో ప్రభుత్వం పూచీపడాలన్న భావన తెలుగు రాష్ట్రాలలో సంస్థారూపం పొందడం ఈ విధంగా జరిగింది.

9. ముగింపు

పై పరిశీలనను ఈ క్రింది అంశాలుగా క్రోడీకరించవచ్చు.

1) నర్సుల కొరత ఉద్యోగానికి అవసరమైన పరిస్థితే కాని, దానికి హామీ కాదు. లైసెన్సు, ధ్రువీకరణ, వీసాలు వేర్వేరు అధికారాల చేతిలో ఉన్నందున మూడూ ఒకేసారి తెరిచి ఉన్న కాలాలు స్వల్పం.

2) 1948లో పని, 1965లో వీసా, 1978లో పరీక్ష, 2005లో లైసెన్సు ఒకదాని తరువాత ఒకటి నర్సుకు అందుబాటులోకి వచ్చాయి. ప్రతి దశలోనూ వైఫల్యం తాలూకు ఖర్చు ఆమె ఇంటికి మరింత చేరువైంది.

3) వీసా ఆయుర్దాయం కంటే నర్సింగ్ చదువుకు పట్టే కాలం తక్కువేమీ కాదు. నేటి విదేశీ ప్రకటనను చూసి నేడు కోర్సులో చేరడమంటే నాలుగైదేళ్ళ తరువాతి పరాయి దేశపు చట్టంపై పందెం కాయడమే.

4) అర్హతను పరీక్షించే యంత్రాంగం ఎంత నిష్పాక్షికమైనా, చివరి నిర్ణయం జన్మస్థలం ఆధారంగా జరిగినంతకాలం అవకాశం ప్రతిభను అనుసరించదు.

2010 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రవర్తనా నియమావళి వలస ఆరోగ్యసిబ్బందికి న్యాయమైన వ్యవహారం, పారదర్శకమైన సమాచారం అందాలని కోరింది. దానిని పాటించడం సభ్యదేశాల ఇష్టానికే వదిలివేసింది. జర్మనీ వంటి కొత్త గమ్యాల కోసం తెలుగు విద్యార్థినులు నేడు మరో భాష నేర్చుకొంటున్నారు. కళాశాలలో చేరేముందు వారికి అందవలసిన సమాచారం అక్కడి ఆస్పత్రులలో ఎన్ని ఖాళీలున్నాయన్నది మాత్రమే కాదు. ఏ ద్వారం ఎవరి చేతిలో ఉంది, గతంలో అది ఎంతకాలం తెరిచి ఉంది, అది మూసుకొన్న నాడు దారిలో ఉన్నవారి గతి ఏమైంది అన్నవి కూడా వారికి తెలియాలి. నర్సుల వలస చరిత్రకు వర్తమానంలో గల ప్రయోజనం అదే.